ఇరవై రెండు పక్కన చిన్న అక్షరం

సూరత్ నుంచి తిరిగి వచ్చి నాలుగు నెలలవుతోంది. ఇన్నాళ్లూ రాయకపోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, మా చెల్లెలు సత్తవ్వ ఒట్టు పెట్టించుకుంది. "ఎండకాలం దాటనియ్యక్కా. సంగతి తేలినంక రాయి, ముందే రాసి దిష్టి పెట్టకు" అంది. రెండోది, నాకు అక్షరాలు వచ్చి నాలుగేళ్లే అయింది. యాభై ఐదేళ్ల దాకా సిరిసిల్లలో కండెలు చుట్టుకుంటూ బతికాను. ఒక్క పేజీ రాయడానికి నాకు ఒక మధ్యాహ్నం పడుతుంది. మొన్న సత్తవ్వ ఫోన్ చేసి "ఇగ రాసుకో" అంది. సూరత్ చూడని వాళ్ల కోసం రాస్తున్నాను.

రైలు

సత్తవ్వ, ఆమె భర్త రాజేశం పెళ్లైన కొత్తలోనే సూరత్ వెళ్లారు. రాజేశం అక్కడ మరమగ్గాలు నడిపాడు. మేం వాటిని సాంచలు అంటాం. మోకాళ్లు అరిగి, ఒక చెవి వినిపించకుండా పోయాక ఆ పని వదిలి, మొగుడూ పెళ్లాం కుల్ఫీలు చేయడం మొదలుపెట్టారు. ఆరేళ్లు బాగా నడిచింది. ఈ చైత్రంలో ఒక ఆదివారం సత్తవ్వ ఫోన్ చేసింది.

"అక్కా, మిషన్ల చల్లదనం వస్తలేదు. వచ్చే ఆదివారం పెండ్లికి తొమ్మిది వందల కుల్ఫీలు ఒప్పుకున్నం. గియి ఇయ్యకపోతె కేటరింగాయన మల్ల మన గడప తొక్కడు. ఈయన మల్ల ఆ సచిన్ ఏరియాల సాంచల మీదికే పోవాలె. ఆ మోకాళ్లతోని నిలవడ్తడా?"

"నేనొచ్చి ఏం జేస్తనే?"

"పాలు కలుపుతవు. నాకు ధైర్యం జెప్తవు. రా."

మర్నాడు రైలెక్కాను. ఎదురు సీట్లో ఏలూరు నుంచి ఒకామె ఉంది. ఆమె భర్త సూరత్‌లో బ్యాంకు ఉద్యోగి. నేను నాలుగు మాటలు మాట్లాడేసరికి నవ్వింది. "ఏమనుకోకండి, మీ తెలుగు నాకు సగమే అర్థమవుతోందండీ."

"మీది గూడ నాకు సగమే సమజైతుందమ్మా. రెండు సగాలు కలిపితె ఒక తెలుగైతది, తియ్" అన్నాను.

ఆమె పులిహోర పెట్టింది, నేను సర్వపిండి పెట్టాను. భుసావల్‌లో అరటిపళ్లు కొన్నాం. డజను మా ఊరి కన్నా చౌక, పండు మా ఊరి కన్నా పొడుగు. దిగే ముందు ఆమె ఒక మాట చెప్పింది: "సూరత్ వాళ్లు తినడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటారండీ. అక్కడ తిండి అమ్మేవాళ్లు చెడిపోరు." సత్తవ్వ సంగతి ఆమెకు చెప్పలేదు. అయినా ఆ మాట కొంగున ముడేసుకుని దిగాను.

లింబాయత్

చెల్లెలు ఉండేది లింబాయత్‌లో. సందులోకి అడుగు పెడితే ఊరు మారినట్టే అనిపించలేదు. అదే మగ్గాల చప్పుడు, గడపల ముందు అవే ముగ్గులు. కానీ పక్కింట్లో మరాఠీ, ఎదురింట్లో ఒడియా. ఇక్కడ ప్రతి పేరు చివరా భాయ్ అనో బెన్ అనో తగిలిస్తారు. కొత్త మనిషికి వరస కలపాలంటే మా ఊళ్లో ఇంటిపేరు, కులం, ఎవరి బంధువు అన్నీ అడుగుతాం. ఇక్కడ ఒక్క మాటతో తేలిపోతుంది. గంట తిరక్కుండానే నేను పోశవ్వబెన్‌నయ్యాను.

సత్తవ్వ కూతురు రేఖ చీరల దుకాణంలో కంప్యూటర్ మీద పని చేస్తుంది. నా కోసం వారం రోజులు సెలవు పెట్టి, ముందుగా లోచో తినిపించింది. ఆవిరి మీద ఉడికించిన శనగపిండి, పైన నూనె, సేవు, ఉల్లిపాయ. ప్లేటు నలభై రూపాయలు.

"ఖమణ్ చేయబోతే చెడిపోయి మెత్తగయిందంట పెద్దమ్మా. దాన్నే అమ్మేసిండ్రు. లోచో అంటే గుజరాతీల గడ్‌బడ్ అన్నట్టు" అని రేఖ చెప్పింది. తర్వాత మెల్లగా, "మన ఇంట్ల గూడ ఇప్పుడు లోచోనే" అంది.

ఇంటి ముందు గదే వాళ్ల కార్ఖానా. ఒక మూల మంచమంత ఉప్పునీళ్ల తొట్టి. దాని లోపలి గోడల వెంట గొట్టాలు చుట్టి ఉంటాయి. గొట్టాల్లో తిరిగే గ్యాసు ఆ నీళ్లను మంచుకన్నా చల్లగా చేస్తుంది. పాలు పోసిన అచ్చులను అందులో ముంచితే కుల్ఫీ గడ్డకడుతుంది. ఇంకో మూల గ్యాసు పొయ్యి, దాని మీద పొద్దంతా పాలు మరుగుతుంటాయి. ఒకే గదిలో ఇటు నిప్పు, అటు మంచు.

మెకానిక్ మనోజ్‌భాయ్ తొట్టి ఖాళీ చేయించి, గొట్టాలకు సబ్బు నురుగు పూస్తున్నాడు. ఒకచోట నురుగు చింతగింజంత బుడగై ఉబ్బింది, పగిలింది, మళ్లీ ఉబ్బింది.

"మిల్ గయా" అన్నాడు. ఉప్పు తిని గొట్టం తూటు పడింది. గ్యాసంతా పోయింది. తూటు పూడుస్తాను, బావీస్ నంబర్ గ్యాసు తెచ్చుకోండి అన్నాడు. బావీస్ అంటే గుజరాతీలో ఇరవై రెండు. మిషన్‌కు కొట్టిన రేకు మీద R22 అని నేను చదివాను.

ఖటోదరా

బుధవారం పొద్దున సత్తవ్వ, రేఖ, నేను ఖటోదరా వెళ్లాం. పాత కార్ఖానాల మధ్య ఒక ఇరుకు దుకాణం. రంగు రంగుల సిలిండర్లు పండగ కుండల్లా పేర్చి ఉన్నాయి. దుకాణం నడిపే ముసలాయన్ను అందరూ కాకా అంటున్నారు. ముందు చాయ్ తెప్పించాడు, తలా అరకప్పు. ఇక్కడ అరకప్పు చాయ్ ఇవ్వడంలో నామోషీ లేదు. మా ఊళ్లో అలా ఇస్తే అల్లుడు అలిగి పోతాడు.

కాకా ఇరవై రెండు రేటు చెప్పాడు. సత్తవ్వ వినబడనట్టు మళ్లీ అడిగింది. రెండోసారి కూడా అంతే చెప్పాడు.

"పోయిన్సారి గింత లేకుండె గదా కాకా!"

ఆయన హిందీలో చెప్పినదాన్ని నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. ఈ గ్యాసు కారి పైకి పోతే ఎండను కాచే ఓజోన్ పొరను తింటుంది. అందుకని దేశాలన్నీ కూడి దీన్ని తగ్గించాలని రాసుకున్నాయి. ఇప్పుడు ఈ గ్యాసుతో కొత్త మిషన్లు చేయడం బంద్. పాతవాటి మరమ్మతుకు ఇస్తున్నారు, అదీ ఏటికేడు తగ్గిస్తూ. మాల్ తగ్గేకొద్దీ రేటు ఎక్కుతుంది.

"మా ఒక్క తొట్టితోనే ఆకాశానికి బొక్క వడ్తదా?" అని సత్తవ్వ నిలదీసింది.

"ఒక్క తొట్టికైతే పడదు బెన్. కానీ నా దుకాణానికి పొద్దున్నించి నువ్వు ఎన్నో మనిషివో తెలుసా?" అన్నాడు కాకా. ఇంకో మాట కూడా అన్నాడు. ఉప్పు తిన్న గొట్టం ఒకచోట పూడిస్తే ఇంకోచోట తూటు పడుతుంది, ఇంత ఖరీదైన గ్యాసు మళ్లీ గాలిలో కలుస్తుంది.

అంతలో మనోజ్ ఫోన్ చేశాడు. ఇంకో చోట బావీస్ గ్యాసే దొరుకుతోందట, కాకా చెప్పిన దాంట్లో మూడో వంతుకే. సత్తవ్వ మొహం వెలిగింది. మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగి లేచింది.

మేకులు, మేకలు

మధ్యాహ్నానికి మనోజ్ తూటు పూడ్చి, కొత్త సిలిండర్‌కు పైపు బిగిస్తున్నాడు. పక్కన పొయ్యి మీద పాలు పెట్టి సత్తవ్వ కలుపుతోంది. నేను పీట మీద కూర్చుని సిలిండర్ మీది కాగితం చదువుతున్నాను. అక్షరాలు వచ్చినప్పటి నుంచి నాకది అలవాటు. అగ్గిపెట్టె, ఉప్పు సంచి, బస్సు బోర్డు, ఏదీ వదలను. ఇంగ్లీషు పెద్ద ఏబీసీడీలు, చిన్న ఏబీసీడీలు కూడా వచ్చు. కానీ అందరిలా మాటను ఒక్కసారిగా మింగలేను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పోవాల్సిందే.

ఆర్. ఒక గీత. రెండు. రెండు. దాని పక్కన చిన్న ఎ.

లేచి వెళ్లి మిషన్ రేకు మళ్లీ చదివాను. అక్కడ ఎ లేదు.

తెలుగు పెద్దయ్యాక నేర్చుకున్న వాళ్లకు పక్కనుండే చిన్న గుర్తు విలువ తెలుస్తుంది. చదువు వచ్చిన కొత్తలో ఇనుప సామాన్ల దుకాణానికి చీటీ రాశాను, మేకులు నాలుగు అని. కొమ్ము పెట్టడం మరిచాను. దుకాణదారు చీటీ చూసి, "పోశవ్వా, మేకలు సంతల దొరుకుతయ్, నా దగ్గర కాదు" అన్నాడు. కొమ్ము ఉంటే మేకు, కొమ్ము లేకపోతే మేక. ఆ రోజు నుంచి ఏ అక్షరం పక్కన ఏముందో చూడకుండా ముందుకు పోను.

"రేఖా, గీడ చిన్న ఎ ఉన్నది. మిషన్ మీద లేదు."

"కంపెనీ మార్క్ అయి ఉంటది పెద్దమ్మా. ట్వంటీ టూ ఉంది కదా, చలో."

రాజేశం నవ్వాడు. "వదినె, ఇరవై రెండంటె ఇరవై రెండే. అక్షరం ఏమన్న గడ్డకడ్తదా?"

"మౌసీ, వహీ మాల్ హై, సేమ్ టు సేమ్" అన్నాడు మనోజ్, పానా తిప్పుతూనే.

"సేమ్ టు సేమ్ అయితె ఆ ఎ ఎందుకు రాసిండ్రు? సిరా ఎక్కువైందా?"

కాగితం చివర రేటు చీటీ అంటించి ఉంది. దాని అంచు కింద ఏదో ఎర్రగా కనిపించింది. గోటితో గీకి చీటీ లేపాను. కింద ఎర్రటి గడిలో మంట బొమ్మ. దాన్ని చదవడానికి ఎవరికీ చదువు అక్కర్లేదు.

అందరం ఒకేసారి పొయ్యి వైపు చూశాం. సత్తవ్వ చెయ్యి చాచి పొయ్యి ఆర్పేసింది. మనోజ్ చేతిలో పానా ఆగిపోయింది.

రేఖ ఫొటో తీసి కాకాకు పంపింది. ఆయన వెంటనే ఫోన్ చేశాడు. అది ఇరవై రెండు కాదు, వంటగ్యాసుకు తమ్ముడు. రేటు పెరిగిందని ఇరవై రెండు పేరుకు తోక తగిలించి అమ్ముతున్నారు. తూట్లు పడే గొట్టం, నిప్పురవ్వలు రాల్చే స్విచ్చి, అదే గదిలో పొయ్యి. "మూత బిగించి బయట పెట్టండి, ఇప్పుడే" అన్నాడు.

మనోజ్‌కూ బావీస్ అనే చెప్పి అమ్మారట. "నిన్న ఒక టైలర్ దుకాణం ఏసీలో ఇదే నింపాను" అని లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బండెక్కాడు.

సత్తవ్వ విరిగిపోయినట్టు కూర్చుంది. "ప్రాణాలు దక్కినయ్ సరే. మరి తొమ్మిది వందలు ఎట్లనే అక్కా?"

ఫోన్ ఇంకా పెట్టెయ్యలేదు. అవతలి నుంచి కాకా అన్నాడు: "సూరత్ పక్కన కిమ్ ఊళ్లో హేతల్‌బెన్ అని ఉంది. చిన్న కుల్ఫీ మిషన్లు చేస్తుంది. రేపు వెళ్లండి."

కిమ్

గురువారం నలుగురం కిమ్ పోయాం. రేకుల షెడ్డులో హేతల్‌బెన్ చున్నీ నడుముకు కట్టుకుని ఒక మిషన్ కింద దూరి ఉంది. బయటికి వచ్చి, నూనె చేతులు తుడుచుకుని, మాకు మజ్జిగ ఇచ్చింది. తయారుగా రెండు మిషన్లున్నాయి. ఒకటి పెద్దది, కొంచెం చౌక. రెండోది చిన్నది. నేను రేకులు చదివాను. పెద్దదాని మీద R404A. చిన్నదాని మీద R290.

"ఈ రెండొందల తొంభై ఏం గ్యాస్?" అని రేఖతో అడిగించాను.

"ప్రొపేన్. వంటగ్యాసు జాతి" అంది హేతల్‌బెన్.

సత్తవ్వ దిగ్గున లేచింది. "లే అక్కా, పోదాం. నిన్న మనల్ని కాల్చవోయింది ఇదే గదా!"

హేతల్‌బెన్ కోపం తెచ్చుకోలేదు. "మీ ఇంట్లో వంటగ్యాసు ఉందా బెన్?"

"ఉన్నది."

"సిలిండర్‌లో ఉంటే అన్నం వండుతుంది. అదే గ్యాసు నీళ్ల బిందెలో పట్టుకొస్తానంటే ఇంట్లోకి రానిస్తావా? నిన్నటి తప్పు గ్యాసుది కాదు, బిందెది."

మిషన్ వెనక తలుపు తీసి చూపించింది. గొట్టాలు అన్నివైపులా అతికి మూసి ఉన్నాయి. స్విచ్చి నిప్పురవ్వ బయటికి రాని డబ్బాలో ఉంది. గ్యాసు ఎంతో తెలుసా, దోసిలిలో పట్టే శనగలంత బరువు కూడా లేదు. తొట్టిలో ఉప్పునీళ్లు కూడా కాదు, గొట్టాన్ని తినని వేరే ద్రవం. మరి పెద్దదాని సంగతి అడిగాం. ఆ గ్యాసు ఓజోన్ జోలికి పోదు, కానీ ఆకాశాన్ని మహా వేడెక్కిస్తుందట. దాన్ని కూడా తగ్గించాలని కాగితాల మీద ఇప్పటికే రాసుకున్నారట. "మీరు పదేళ్లు నడుపుతారు. ఈలోగా ఖటోదరా కాకా మళ్లీ రేటు చెప్పి మిమ్మల్ని ఏడిపిస్తాడు" అంది.

"మరి గీ చిన్నదాన్ని గూడ బందు వెట్టరా?" సత్తవ్వ సూటిగా అడిగింది.

"కానూన్ గురించి నేను ఒట్టు వెయ్యను బెన్. కానీ దీన్ని బంద్ పెట్టడానికి వాళ్ల దగ్గర కారణం లేదు."

సత్తవ్వ చిన్న మిషన్ చుట్టూ రెండుసార్లు తిరిగింది. అరచెయ్యి పెట్టి చూసింది. రాజేశం పెద్దదాని దగ్గర నిలబడి ఉన్నాడు. "చౌక గదనే. పెద్దగ గూడ ఉన్నది" అన్నాడు.

"పెద్దదే. దాంతోని పెద్ద ఏడుపే. మల్ల పదేండ్లకు ఏడ్సే ఓపిక నాకు లేదు. చిన్నదైతె రెండు మార్ల కాడ మూడు మార్లు ముంచుత." హేతల్‌బెన్ వైపు తిరిగి, "గిదే ఇయ్యి. పొయ్యిని నేను బయటికి తీస్త" అంది. పాత మిషన్ ఇచ్చి, సగం ఇప్పుడు, సగం ఎండాకాలమంతా. బేరం ఐదు నిమిషాల్లో అయిపోయింది.

అప్పుడు హేతల్‌బెన్ రాజేశాన్ని చూసి అడిగింది: "సాంచే కిత్నే చాహియే, భాయ్?"

నాకు ఒళ్లు మండింది. ఇంత మాట్లాడి, బేరం చేసుకుని, చివరికి ఆ మనిషిని ఎన్ని మగ్గాలు నడుపుతావని అడుగుతుందా! "మా మరిది మల్ల సాంచలు నడపడమ్మా! ఒక్కటి గూడ నడపడు! ఆయన మోకాళ్లు సూసినవా?" అని అరిచాను.

రేఖ నవ్వాపుకోలేక కడుపు పట్టుకుని కూర్చుండిపోయింది. హిందీలో సాంచా అంటే అచ్చు. కుల్ఫీ అచ్చులు ఎన్ని కావాలని అడిగిందామె. రేఖ తెలుగు సాంచ సంగతి చెప్పాక హేతల్‌బెన్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఇంత గట్టిగా పోట్లాడే వదిన ఉంటే ఏ భాయ్‌కీ భయం లేదు" అంటూ రెండు వరసల అచ్చులు ఊరికే బండిలో పెట్టించింది. పాత అచ్చులు కొత్త తొట్టిలో పట్టవని మర్నాడు తెలిసింది. నా అరుపే మమ్మల్ని కాపాడింది.

తొమ్మిది వందలు

కొత్త మిషన్ గ్యాసు గాలికన్నా బరువట, నేల మీదే పారుతుందట. అందుకని కారినా బయటికి పోయేలా నేలకు ఆనుకుని గోడకు కన్నం పెట్టమని హేతల్‌బెన్ చెప్పింది. శుక్రవారం పొద్దున్నే మనోజ్ వచ్చాడు. టైలర్ దుకాణంలో నింపింది తీసేశాడట, ఏమీ కాలేదట. ఆ మాట చెప్పి, ఎవరూ అడక్కుండానే సుత్తి అందుకున్నాడు. రెండో ఇటుక అవతలికి పోయి పక్కింటామె నీళ్ల డ్రమ్ములో పడింది. ఆమె మరాఠీలో తిట్టింది, సత్తవ్వ తెలుగులో సర్ది చెప్పింది, డ్రమ్ము మనోజ్ కడిగాడు. మేం పొయ్యిని ఇంటి వెనక రేకు కిందికి మార్చాం.

సాయంత్రానికి మిషన్ మీది అంకెలు దిగడం మొదలైంది. సున్నా దాటి కిందికి పోతుంటే అందరం పిల్లల్లా అంకెలు చదివాం. మొదటి అచ్చు తీసి, నీళ్లలో ముంచి, రాజేశం కుల్ఫీని విదిలించాడు. దాన్ని తినలేదు. స్టీలు పళ్లానికి కొట్టాడు. టంగుమంది.

"వినవడ్డది!" అన్నాడు. "సత్తీ, నాకు వినవడ్డదే!"

శనివారం తెల్లవారి కూర్చున్నాం. నేను, సత్తవ్వ పాలు మరిగించాం. రాజేశం ముంచాడు, రేఖ పుల్లలు గుచ్చింది. మధ్యలో ఒక వరసకు నేను చక్కెర వేయడం మరిచాను. పప్పులో కూడా చక్కెర వేసుకునే ఊళ్లో కుల్ఫీలో వేయడం మరిచిన దాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. వాటిని పక్కింటామెకు పంపాం. షుగర్ ఉన్న తన భర్తకు తెగ నచ్చాయని, ఇటుక తప్పు మాఫ్ అని కబురు పెట్టింది. దీపాలు పెట్టే వేళకు పని అయిపోయింది. డీప్ ఫ్రీజర్లు మూత పడనంతగా నిండాయి.

ఆదివారం పెళ్లిలో కేటరింగాయన ఒక కుల్ఫీ తిన్నాడు. సత్తవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన రెండోది తీసుకుని, అది తింటూ ఫోన్ తీసి తన పెళ్లిళ్ల జాబితా చూడసాగాడు. "బెన్, వైశాఖం అంతా ఖాళీగా ఉంటారా?" అని అడిగాడు.

"ఖాళీగ ఎందుకుంటం?" అంది సత్తవ్వ. "మీ పనే చేస్తం గదా!"

సోమవారం

పొద్దున్నే లేచి, రేఖతో ఒక చిన్న నల్లరంగు డబ్బా, బ్రష్షు తెప్పించాను. మిషన్ పక్క గోడ తుడిచి, జానెడు అక్షరాలతో రాశాను: ఇందులో గ్యాసు 290. వేరేది నింపవద్దు. ఇక్కడ పొయ్యి పెట్టవద్దు, బీడీ ముట్టించవద్దు. ప్రతి దీర్ఘం, ప్రతి కొమ్ము రెండుసార్లు చూసుకున్నాను. గోడ చాలక చివరి మాట కింది వరసకు దిగింది. దాని కింద రేఖ గుజరాతీలో రాయడానికి చోటు వదిలాను.

రంగు ఇంకా ఆరలేదు. రాజేశం ఆవులించుకుంటూ గదిలోకి వచ్చాడు. నోట్లో బీడీ, చేతిలో అగ్గిపెట్టె. ఆయన మూడో తరగతి దాకా చదివాడు. గోడ ముందు ఆగి, పెదాలు కదుపుతూ మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివాడు. నా వైపు చూశాడు. అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని, గడప దాటి, సందు చివరి దాకా నడిచి, అక్కడ ముట్టించుకున్నాడు.